రామయ్యపట్నం: సంతృప్తికరం

విశాఖపట్నం,
జూన్ 6.

మావయ్యకి ఉష నమస్కారాలు.

పార్సిల్లో రెండు వందల పోస్టర్లున్నాయి. వాటి మధ్యలో ఈ కవరు పెడుతున్నాను. ఫోన్లో పొడుగు మెసేజీ పెడితే మీరు మొదటి ముక్క చదివి దణ్ణం బొమ్మ పంపి ఊరుకుంటారు. కాగితమైతే కళ్లజోడు తుడుచుకుని మరీ చదువుతారని అమ్మ చెప్పింది.

నేను ఈ కంపెనీలో చేరి పది నెలలైంది. మీరు పందొమ్మిదేళ్లుగా ఇదే కంపెనీ సరుకు గంజాం జిల్లా అంతా తిరిగి అమ్ముతున్నారు. అయినా మనిద్దరం ఆఫీసు సంగతులు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మార్కెటింగ్‌లో నా పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కొనేవాళ్లకి ఏం కావాలో తెలుసుకుని తయారుచేసేవాళ్లకి చెప్పడం, తయారైనదాన్ని కొనేవాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం. రెండోది చేస్తున్నాను. మొదటిది చెయ్యడానికి నా దగ్గరున్నవి మీ సేల్స్ వాళ్లు పంపే నెలవారీ ఫారాలే.

వాటిలో ‘కొనుగోలుదారుల అభిప్రాయం’ అని ఒక గడి ఉంది కదా. నిన్న అన్ని ఏరియాల ఫారాలూ ముందేసుకుని కూర్చున్నాను. మన లైఫ్ జాకెట్టు ‘అభయ’ గురించి బరంపురం ఏరియా నుంచి పది నెలలూ ఒకటే మాట. రామయ్యపట్నం: సంతృప్తికరం. మీ చేతిరాతే. అంత సంతృప్తి లోకంలో ఎక్కడా ఉండదు మావయ్యా. అమ్మ చేసిన ఉప్మాకి కూడా నాన్న ఏదో ఒక వంక పెడతాడు.

పోస్టరు చూడండి. నేను చేసిన మొదటి పోస్టరు. ‘కొత్త అభయ. వేసుకో, వల వెయ్యి.’ పడవ అంచున నిలబడి, జాకెట్టు తొడుక్కుని వల వదులుతున్న మనిషి. పద్నాలుగో తారీకుతో వేట నిషేధం అయిపోతుంది కాబట్టి ఈలోగా తీరం వెంబడి అంటించెయ్యాలని మా హేమ మేడం తొందరపెడుతున్నారు.

మీకు వీలైనప్పుడు ఒక్క మనిషి పేరూ, ఆ మనిషి అన్న ఒక్క మాటా రాసి పంపండి. నాకదే చాలు.

ఉష

*

బరంపురం,
జూన్ 17.

చిరంజీవి ఉషమ్మకి మావయ్య ఆశీస్సులు.

పోస్టర్లు అందాయి. మీ అత్తయ్య ఒకటి లాక్కుని వంటింటి తలుపుకి అంటించింది. వచ్చినవాళ్లందరికీ మా ఉష చేసిందని చూపిస్తోంది. మిగిలినవి మా ఏరియా మేనేజరు శ్యామసుందర్ గారు దగ్గరుండి అంటింపించారు.

నువ్వు అడిగినట్టే రాస్తున్నాను. పొలసర సంతలో చేపలమ్మే బుల్లమ్మ ఉంది. మన ఐసు పెట్టె కొని రెండేళ్లయింది. మొన్న నన్ను చూడగానే గట్టిగా పిలిచి, “బావూ, ఈ మూత సూడు. ఎండకి ఉబ్బిపోనాది. కూకుంటే గానీ మూసుకోదు. నానేటి, సేపలమ్మాలా, మూత మీద కూకోవాలా?” అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. కొడల ఊళ్లో అడిగేది చిన్న పెట్టె. మోపెడ్ వెనక కట్టుకుంటే ఊగకుండా ఉండాలట. అడుగున రెండు కొక్కేలు పెట్టిస్తే చాలు. ఇవి రాసుకో.

జాకెట్ల సంగతి అంతా బాగానే ఉంది.

ఒక్క మాట. ఆ పోస్టరులో మనిషి చేతిలో వల లేకుండా ఇంకో బొమ్మ ఏదైనా ఉందా? ఊరికే పడవలో కూర్చున్నట్టుగానో, ఒడ్డున నిలబడినట్టుగానో? ఏమీ లేదు, ఊరికే అడిగాను.

ఇది మీ ఇంటి అడ్రసుకి పంపుతున్నాను. నువ్వు కూడా మా ఇంటికే రాయి. ఆఫీసు విషయాలు ఫోన్లో వద్దు. నా ఫోన్లో కంపెనీ యాప్ ఉంది. నేను ఏ బజారులో నిలబడ్డానో కూడా దానికి తెలుస్తుంది. ఇంకా ఏమేం తెలుస్తాయో నాకు తెలీదు.

జగ్గన్న మావయ్య

*

విశాఖపట్నం,
జూన్ 29.

మావయ్యకి,

బుల్లమ్మ మాట మా మీటింగులో చదివి వినిపించాను. అందరూ నవ్వారు, తరవాత మూత పలక మందం పెంచాలని నిజంగానే రాసుకున్నారు. పది నెలల్లో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

కానీ మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐసు పెట్టె గురించి పేజీ నిండా రాశారు. జాకెట్టు గురించి ఒక్క వాక్యం. ఆ వెంటనే పోస్టరులోంచి వల తీసెయ్యమంటున్నారు. ఊరికే అడిగేవాళ్లు ‘ఏమీ లేదు, ఊరికే అడిగాను’ అని రాయరు మావయ్యా.

ఇక్కడ మా వాళ్లు, సేల్స్ వాళ్లకి బద్ధకం, ఏమీ చెప్పరు అంటారు. అక్కడ మీ వాళ్లు ఏమంటారో నాకు తెలుసు. చెప్పిందల్లా విని, చివరికి మా మీదే చాడీలు చెబుతారంటారు. హేమ మేడం ఇప్పుడు కొత్త పథకం పెట్టారు. మంచి కబురు పంపిన సేల్స్‌మన్‌కి నెలకో టిఫిన్ క్యారియరు బహుమానం. నాకు సిగ్గేసింది. నోరు విప్పడానికి భయపడే మనిషి టిఫిన్ క్యారియరు కోసం విప్పుతాడా?

మీరు భయపడుతున్నారనే నాకనిపిస్తోంది. దేనికో తెలిసేదాకా నాకూ నిద్ర పట్టేలా లేదు. మీ పేరు ఎవరికీ చెప్పను.

ఉష

*

బరంపురం,
జూలై 12.

ఉషమ్మకి,

రెండుసార్లు రాసి చించేశాను. ఇది మూడోది. చదివాక నువ్వూ చించెయ్యి.

నాతోపాటు రవికాంత్ అని ఒకతను పనిచేసేవాడు. నాకన్నా చిన్నవాడు, చురుకైనవాడు. కిందటేడు సెప్టెంబరులో తన ఫారంలో ‘సంతృప్తికరం’ బదులు నాలుగు వాక్యాలు రాశాడు. అది శ్యామసుందర్ గారు నెలవారీ మీటింగులో పైకి చదివారు. “రవికాంత్ బాబు జాకెట్లు అమ్మడం మానేసి జాకెట్లకి వైద్యం చేస్తున్నారు” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెండు వారాల్లో అతన్ని సముద్రం లేని చోటికి బదిలీ చేశారు. భార్య ఉద్యోగం ఇక్కడ, అతనక్కడ. మూడు నెలలు చూసి మానేశాడు.

నాకు ఇంకా రెండేళ్ల సర్వీసుంది. మా రింకి బీయస్సీ రెండో ఏడు. అందుకని నా ఫారంలో ఒక్క మాటే ఉంటుంది.

రవికాంత్ రాసింది ఇది. రామయ్యపట్నంలో నరసన్న అని ఒకడున్నాడు. నలభై ఆరేళ్లుంటాయి. ఫైబరు బోటు ఉంది. కిందటేడు ఆగస్టులో ‘అభయ’ తొడుక్కుని వల వదులుతుంటే వల కన్ను ఒకటి గుండెల మీద బకిల్లో చిక్కుకుంది. బోటు ముందుకెళుతోంది, వల జారిపోతోంది. దాంతోపాటు వీడూ సముద్రంలోకి వెళ్లిపోయాడు. నాకు తనే చెప్పాడు, నవ్వుతూనే.

“బావూ, సీసం గుళ్ల బరువుకి వల కిందకి లాగేస్తంది. మీ జాకెట్టు పైకి లేపేస్తంది. మద్దిన నాను. సొక్కాయి గుండీ అయితే తెగిపోను. ఇది తెగదు గదా. మీ కంపినీ గట్టిగా కుట్టినాది.”

మొలలో కత్తి ఉండబట్టి పట్టీ కోసుకుని పైకొచ్చాడు. అదే ఏడు ఇంకో ఇద్దరికి అలాగే అయింది, వాళ్లూ బతికారు. అప్పటినుంచి ఊళ్లో పెద్దవాళ్లెవరూ వేట మీద అది తొడగరు. సబ్సిడీలో కొన్నారు కాబట్టి బోటులో పడేస్తారు. నరసన్న తలకింద పెట్టుకుని పడుకుంటాడు. అడిగితే బాగుందంటారు, తలగడగా బాగుంది మరి.

ఇప్పుడు నీ పోస్టరు వచ్చింది. పిల్లలు చూశారు. నరసన్న కొడుకు ప్రేమ్‌కి ఇరవై ఒకటి. జూన్ ఆఖర్న చిలకపచ్చ జాకెట్టు కొత్తది కొన్నాడు. తండ్రి వద్దంటే, “నీది పాతది నాన్నా, ఇది కొత్తది. బొమ్మలో ఏసుకొని వల ఒదుల్తన్నాడు గదా” అన్నాడట.

ఈ వారం వెళ్లి వాడికి చెబుతాను. నువ్వు కంగారుపడకు.

మావయ్య

*

విశాఖపట్నం,
జూలై 21.

మావయ్యా,

ఉత్తరం చించలేదు. చించలేకపోయాను.

ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి ఒక వల ముక్క కొన్నాను. జాకెట్టు గీసిన ఇంజనీరు సుమిత్ మా అంతస్తులోనే కూర్చుంటాడు. వరండాలో నేను జాకెట్టు తొడుక్కుని నిలబడ్డాను, వలని నా ఒంటి మీదుగా లాగమన్నాను. అతనికి ఇదంతా తమాషాగా ఉంది. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి కన్ను బకిల్లో పడింది. నేను ముందుకి తూలి అతని కాళ్ల దగ్గర పడ్డాను. గచ్చు మీద, పట్టపగలు, చుట్టూ మనుషులుండగా. అయినా ఊడదీసుకోవడానికి చేతులు ఆడలేదు మావయ్యా.

సుమిత్ వల వదిలేశాడు. “నీళ్లలో తేలుతుందా లేదా అనే పరీక్షించాం. ఎంత బరువు మోస్తుందో చూశాం. వల ఎవరూ తేలేదు” అన్నాడు.

హేమ మేడం దగ్గరికి వెళ్లాం. ఆవిడ చెడ్డమనిషి కాదు. అంతా విని, “వరండాలో పడ్డావని తయారీ ఆపమంటే పైవాళ్లు ఒప్పుకోరు. సముద్రంలో ఎవరికి జరిగింది, ఎప్పుడు, మనకి చెప్పిన సేల్స్‌మన్ ఎవరు? పేరుతో కాగితం కావాలి” అన్నారు. మీకు మాటిచ్చాను కదా, నోరు మూసుకున్నాను. రవికాంత్ ఫారం కోసం పాత ఫైళ్లన్నీ వెతికాను. అది మా దాకా రానే లేదు. బరంపురంలోనే ఆగిపోయింది.

ఇంకో మాట చెప్పాలి. ‘కొత్త అభయ’ అని రాసింది నేనే. రంగు మారినందుకు అలా రాశాను. నారింజ రంగు పోయి చిలకపచ్చ వచ్చింది. ఇంకేమీ మారలేదు. అదే బకిలు.

ప్రేమ్‌కి చెప్పారా? జవాబు రాసేదాకా ఆగకండి. మీరు ఊఁ అంటే మీ పేరు రాస్తాను. అనకపోతే ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు.

ఉష

*

రామయ్యపట్నం,
ఆగస్టు 9.

ఉషా,

నిన్న నువ్వు ఫోను చేసినప్పుడు శ్యామసుందర్ గారు పక్కనే ఉన్నారు. అందుకే ‘బాగున్నామమ్మా’ అని పెట్టేశాను. బాగాలేము.

నరసన్న, ప్రేమ్ మొన్న ఏడో తారీకు తెల్లారగట్ల వేటకెళ్లారు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. మిగతా బోట్లన్నీ వచ్చేశాయి. వీళ్లది రాలేదు. ఇవాళ మూడో రోజు. కోస్టుగార్డుకి చెప్పారు. అలలు ఇళ్ల దాకా వస్తున్నాయి. కరెంటు లేదు, ఫోన్లు పనిచెయ్యడం లేదు. నేను ఈశ్వరమ్మ, అదే నరసన్న భార్య, వాళ్ల అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఆమె ఒడ్డున నిలబడి ఉంది. పొద్దుటినుంచి కూర్చోలేదు. నా దగ్గర వేరే కాగితం లేదు, ఫారాల వెనకవైపు రాస్తున్నాను.

ప్రేమ్‌కి చెబుతానని నీకు రాశాను. చెప్పలేదు. రెండుసార్లు బస్సెక్కి ఇక్కడిదాకా వచ్చాను. ఎందుకు చెప్పలేదో రాస్తాను, విను.

వాడు జాకెట్టు కొన్నరోజు నేను ఇక్కడే ఉన్నాను. శ్యామసుందర్ గారూ ఉన్నారు. ఈశ్వరమ్మ జాకెట్టు చేతిలో పట్టుకుని నన్నే అడిగింది. ఆయన్ని కాదు, నన్ను.

“జగ్గన్న బావూ, నువ్వు సెప్పు. ఆ బకిలు మార్సినారా?”

ఆయన నావైపు చూశారు. “కొత్త మాలే కదా జగ్గన్న బాబూ” అన్నారు.

నేను తలూపాను.

మాట్లాడలేదు ఉషా, తల మాత్రం ఊపాను. నోటితో అబద్ధం చెప్పలేదని అప్పట్నుంచీ నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆమె తల ఊపు చూసి జాకెట్టు కొడుక్కి తొడిగి చూసుకుంది. భుజాల దగ్గర సర్ది, “బాగున్నాది” అంది. ఆ తరవాత వచ్చి మార్చలేదని చెప్పాలంటే ముందు ఆ తల ఊపు సంగతి చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పలేక రెండుసార్లూ తిరుగు బస్సెక్కాను.

రెండో కాగితం మీ హేమ మేడంకి. అందులో నరసన్న పేరు, తేదీ, మిగతా ఇద్దరి పేర్లు, రవికాంత్ ఏం రాశాడు, అదెక్కడ ఆగిపోయింది, పది నెలలు నేనేం రాశాను, అంతా ఉంది. కింద నా పేరు, సంతకం, ఉద్యోగి నంబరు ఉన్నాయి. రేపే ఇచ్చెయ్యి. ఈ మొదటి కాగితం నీకు.

ఇక్కణ్ణించి విశాఖ హార్బర్‌కి చేపల వ్యాను ఒకటి బయల్దేరుతోంది. డ్రైవరు తవిటయ్య నీ ఇంటిదాకా తెచ్చి ఇస్తానన్నాడు.

ఒడ్డున ఎవరో అరిచారు. వెళ్లి చూసొచ్చాను. ఏమీ లేదు. ఖాళీ డ్రమ్ము కొట్టుకొచ్చింది.

జగ్గన్న

*

విశాఖపట్నం,
ఆగస్టు 11.

మావయ్యా,

ప్రేమ్ వచ్చాడా? నరసన్న గారు వచ్చారా? మీ ఫోను మోగడం లేదు, అత్తయ్యకి చేస్తే మీరింకా ఇంటికి రాలేదంది. స్పీడ్ పోస్టులో వేస్తున్నాను, మీరే ముందు ఇల్లు చేరితే చదువుతారు.

తవిటయ్య నిన్న పొద్దున ఆరింటికి తలుపు కొట్టాడు. తొమ్మిదింటికి రెండో కాగితం హేమ మేడం బల్ల మీద పెట్టాను. ఆవిడ నిలబడే చదివారు. తరవాత కూర్చుని మళ్లీ చదివారు. శ్యామసుందర్ గారికి ఫోను కలిపి అందరికీ వినబడేలా పెట్టారు. “రవికాంత్ ఫారం ఎక్కడుంది?” అని అడిగారు. ఆయన, “నా సొరుగులో ఉంది మేడం. అంతకుముందు నెల అమ్మకాలు తగ్గాయని నన్ను అందరిముందూ నిలబెట్టి తిట్టారు. ఇది కూడా పంపితే ఏమవుతానో అని భయపడ్డాను” అన్నారు. ఆయన్ని తిట్టినవాళ్లు ఆ గదిలోనే ఉన్నారు. ఎవరూ తలెత్తలేదు.

మధ్యాహ్నానికి ‘అభయ’ అమ్మకాలు ఆపమని అన్ని ఏరియాలకీ కబురు వెళ్లింది. పోస్టర్లు తీసేస్తున్నారు. ఇక్కడ మా మెట్ల దగ్గరున్నది నేనే చింపాను. గోరు విరిగింది.

మొదటి కాగితం ఎవరికీ చూపించలేదు. నా దగ్గరే ఉంది. మీరు తలూపారు. నేను ‘కొత్త’ అని రాశాను. వాడు ఆ రెండూ నమ్మి వెళ్లాడు. కళ్లు మూసుకుంటే వాడి మొహం కనబడుతోంది, నేనెప్పుడూ చూడని మొహం.

ఏదైనా ఒక్క ముక్క చెప్పండి. ఏదైనా సరే.

ఉష

*

బరంపురం,
ఆగస్టు 17.

ఉషమ్మా,

ఫోన్లో ‘ఉన్నారు’ అన్న ఒక్క మాటే చెప్పగలిగాను. మిగతాది ఇప్పుడు.

పదో తారీకు సాయంత్రం గోపాలపురం బోటువాళ్లు ఋషికుల్య నది మొగకి ఎదురుగా, దూరంగా, వాళ్లని చూశారు. బోటులో సగం నీళ్లున్నాయట. ఇంజను చచ్చిపోయింది. నరసన్న కూర్చుని ఉన్నాడు, కొడుకు తల ఒళ్లో ఉంది. తాడు కట్టి లాక్కొచ్చారు. ప్రేమ్ కుడి భుజం కీలు ఊడింది, నీళ్లు బాగా తాగాడు. ఇక్కడ పెద్దాసుపత్రిలో ఉన్నాడు. బతుకుతాడని నిన్న డాక్టరుగారు చెప్పారు.

అదే జరిగింది. గాలి తిరగబోతోందని తొందరగా వల వదులుతున్నారు. కన్ను బకిల్లో పడింది. నరసన్న ఇంజను దగ్గర ఉన్నాడు. తిరిగి చూసేసరికి పిల్లవాడు లేడు. వల మాత్రం గబగబా జారిపోతోంది. పట్టీ కొయ్యడానికి చెయ్యి అందలేదు. వల అంచున ఉండే తల్లితాడు కోసేసి, ఆ వలనే పట్టుకుని, మూర మూర లాగి కొడుకుని పైకి తెచ్చాడు. “సేపని లాగినట్టే లాగినాను బావూ” అన్నాడు. ఈసారి నవ్వలేదు. ఈలోగా అల వచ్చి ఇంజనులో నీళ్లు పడ్డాయి.

ఆసుపత్రి వరండాలో ఈశ్వరమ్మకి నేనే చెప్పాను. ఆ రోజు తలూపాను కానీ బకిలు మార్చలేదని, అది నాకు తెలుసని. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నన్నే చూసింది.

“నువ్వొచ్చినప్పుడల్లా కూకోబెట్టినాను, మాటాడినాను. నాను సెప్పిందంతా తీసికెల్లి ఎక్కడ పారేసినావు బావూ?”

“ఎక్కడా పారెయ్యలేదు ఈశ్వరమ్మా. నా దగ్గరే ఉంచేసుకున్నాను. భయమేసింది.”

“బయమేస్తే మాకు సెప్పాల. మమ్మల్ని నీట్లోకి తోసేస్తావేటి?”

నరసన్న, “ఊరుకోయే, పిల్లడు పడుకున్నాడు” అన్నాడు. ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. నన్ను పొమ్మనలేదు. నేను వెళ్లలేదు.

మర్నాడు ఆమే నరసన్న పాత జాకెట్టు తెప్పించి నా ముందు పడేసింది. బకిలు మీద పాత లంగా గుడ్డతో జేబులాంటి మూత కుట్టి ఉంది, అంచు కిందకి మడిచి. వల దేనికీ తగలకుండా జారిపోతుంది. “ఏడాది కిందటే కుట్టినాను. అయినా ఈయనకి బయం పోనేదు, తొడగడు. నువ్వడిగితే సూపిద్దును గదా” అంది. సుమిత్ బాబు కోసం దాన్ని పార్సిల్లో పంపుతున్నాను. జాగ్రత్త, తిరిగివ్వాలి.

శ్యామసుందర్ గారు ఆసుపత్రికి వచ్చారు. గుమ్మం దగ్గరే నిలబడ్డారు, లోపలికి రాలేదు. నాకు మెమో వస్తుందని చెప్పారు. మీక్కూడా వస్తుందేమో అన్నాను. వచ్చేసింది అన్నారు. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం.

మావయ్య

*

విశాఖపట్నం,
సెప్టెంబరు 20.

మావయ్యకి,

మీ మెమో రద్దయింది. శ్యామసుందర్ గారిది కాలేదు, విచారణ ఉంటుందట. నెలవారీ ఫారాలు ఇకనుంచి ఏరియా మేనేజరు దగ్గర ఆగవు. ఒక ప్రతి నేరుగా మాకొస్తుంది. ఆ మార్పు రాయించింది హేమ మేడమే. రవికాంత్ గారికి ఆవిడే ఫోను చేశారు. వెనక్కి రమ్మన్నారు. ఆయన ఆలోచిస్తానన్నారట. నేనైతే వెళ్లను.

అమ్మినవి వెనక్కి తీసుకోవడం మొదలైంది. పాత జాకెట్టుకి డబ్బు తిరిగివ్వాలని పైన ఒప్పుకున్నారు. ప్రేమ్ ఆసుపత్రి ఖర్చు కూడా.

ఈశ్వరమ్మ గారు కుట్టిన మూత చూసి సుమిత్ ఒక పూటంతా దాన్ని ఎత్తుతూ దించుతూ కూర్చున్నాడు. తరవాత అలాంటివే అయిదు కుట్టించాడు. అక్టోబరులో నన్నూ తీసుకుని రామయ్యపట్నం వస్తానంటున్నాడు.

నాకు రావాలని ఉంది. ఆవిడ ఎదుటికి రావాలంటే భయంగా ఉంది. ఆ పోస్టరు చేసింది నేనేనని చెప్పాలి కదా.

ఉష

*

బరంపురం,
నవంబరు 24.

ఉషమ్మకి మావయ్య ఆశీస్సులు.

అక్టోబరులో నువ్వు వచ్చి వెళ్లాక ఈశ్వరమ్మ నీ గురించి ఒకే మాట అంది. “ఆ పిల్ల ఏడ్సింది గానీ, మజ్జెలో ఏడుపాపీసి, కొలతలు సరిగ్గా రాసుకున్నాది.” అంటే మెచ్చుకున్నట్టేనని నరసన్న చెప్పాడు.

మీరు పంపిన కొత్త జాకెట్లు మూడు అందాయి. శుక్రవారం తీసుకెళ్లాను. ఊళ్లోవాళ్లు చుట్టూ చేరారు, ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఈశ్వరమ్మ ఒకటి తీసి, మూత ఎత్తి, దించి, నా చేతిలో పెట్టింది.

“ముందు నువ్వు ఏసుకొని వల ఒదులు. నీకేటీ అవకపోతే అప్పుడు సూద్దాం.”

నాకు ఈత రాదు. పందొమ్మిదేళ్లు సముద్రం ఒడ్డున సరుకు అమ్మాను కానీ ఒక్కసారి కూడా బోటెక్కలేదు. కాదనలేకపోయాను. ప్యాంటు మడిచి ఎక్కాను. ఇంజను దగ్గర ప్రేమ్ కూర్చున్నాడు. భుజం ఇంకా పైకి లేవడం లేదు, అందుకని ఇప్పుడు వాడు నడుపుతాడు, వల ముట్టుకోడు. నాతో ఏమీ మాట్లాడలేదు.

సుమిత్ బాబుకి ఇవి చెప్పు. వల రెండు వందల బారలు వదిలాను. మూత బాగా పనిచేసింది, కన్ను ఎన్నిసార్లు తగిలినా జారిపోయింది. కానీ ఎడమవైపు వేలాడే ఈల తాడుంది చూడు, దానిలో చిక్కుకుంది. ఈశ్వరమ్మ ఒప్పుకోలేదు. “ఈల లోన పెట్టండి, తాడు జానెడు తగ్గించండి, అప్పుడు తెండి” అంది. ఇంకా తయారీ మొదలుపెట్టవద్దని హేమ మేడంకి గట్టిగా చెప్పు. ఫారంలో రాసి పంపాను, శ్యామసుందర్ గారి బదులు వచ్చినాయన ఈ నెల అమ్మకాలు సున్నా అని గొణిగాడు. గొణగనీ.

మిగతాది నీకు మాత్రమే.

ఆ తాడు చిక్కుకున్నప్పుడు ఏం జరిగిందో రాస్తాను. ఎడమ పక్కన ఎవరో చెయ్యి వేసి లాగినట్టయింది. నెమ్మదిగా కాదు. ఒక్క గుంజు. నా మోకాళ్లు బోటు అంచుకి కొట్టుకున్నాయి. కింద నీళ్లు నల్లగా ఉన్నాయి, వల అందులోకి పోతూనే ఉంది. మీ అత్తయ్య గుర్తుకురాలేదు, రింకి గుర్తుకురాలేదు. ఎవరూ గుర్తుకురాలేదు. నీళ్లు తప్ప ఇంకేమీ లేదు. నా వెనక ఇంజను చటుక్కున ఆగింది. ప్రేమ్ ఎడంచేత్తో నా జాకెట్టు మెడ పట్టుకున్నాడు. నరసన్న కత్తితో తాడు కోశాడు. అంతా కలిపి నాలుగు ఊపిర్లు కూడా పట్టి ఉండదు.

ప్రేమ్ ఆ పట్టు వదలలేదు. ఒడ్డు వచ్చేదాకా అలాగే పట్టుకుని, ఒంటిచేత్తోనే నడిపాడు.

దిగాక తడి ఇసకలో కూర్చుండిపోయాను. ఈశ్వరమ్మ ఈల తాడు చూడ్డానికి నా జాకెట్టు విప్పించి పట్టుకెళ్లింది. నరసన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

“బయమేసినాదా బావూ?”

“ఏసింది నరసన్నా. చచ్చిపోయాననుకున్నాను.”

వాడు సముద్రం వైపే చూస్తూ, పక్కనున్న నాకు కూడా సరిగా వినబడనంత చిన్నగా అన్నాడు.

“నాకూ రోజూ ఏస్తది. ముప్పయ్యేళ్లు అయినాది, ఎవులికీ సెప్పనేదు.”

జగ్గన్న మావయ్య